పదహారంగుళాల సంచి

మా అమ్మాయి ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పోయిన నెలలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా, "అమ్మా, సోమవారం పూణే వెళ్తున్నా. మూడు రోజులు. క్లయింటు వాళ్ళ ఫ్యాక్టరీలో పని. నన్నొక్కదాన్నే పంపుతున్నారు" అంది. ఆ "ఒక్కదాన్నే" అన్నప్పుడు దాని గొంతులో ఉన్న సంబరం నాకు తెలుస్తూనే ఉంది. అయినా నా నోటి వెంట వచ్చిన మొదటి మాట మాత్రం, "ఒక్కదానివే? మరి సామానో?" అని.

మా వారు పేపరు మడిచి పక్కన పెట్టి, "నేనూ రెండ్రోజులు సెలవు పెట్టి వస్తాలే. బ్యాగులవీ పట్టుకోవడానికి తోడుంటుంది" అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. నేనూ "అవునమ్మా, నాన్నగారిని రానీ" అనబోయాను. అనబోయి, ఆగిపోయాను. ఎందుకాగానో చెప్పాలంటే రెండు కథలు చెప్పాలి. ఒకటి నాది, చిన్నది. రెండోది నూట ముప్ఫై ఏళ్ళ కిందటిది, చాలా పెద్దది.

ముందు నాది. 1999లో నేను తెనాలిలో బీఏ తెలుగు పూర్తిచేసి ఇంట్లో ఉన్న రోజులు. హైదరాబాదులో పుస్తకాలు అచ్చువేసే ఒక సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఒక్క రోజు పని. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. మా అమ్మ ఆ రోజు మధ్యాహ్నం నుంచే సర్దడం మొదలుపెట్టింది. పక్కబట్టలు, దుప్పటి, మరచెంబు, పులిహోర గిన్నె, పిన్నిగారింటికి రెండు సీసాల ఊరగాయ, ఆవిడ పిల్లలకి సున్నుండలు, నాకు మూడు చీరలు, చలేస్తుందేమోనని శాలువా. సాయంత్రానికి ఒక ట్రంకు పెట్టె, ఒక చేతిసంచి, ఒక బుట్ట తయారయ్యాయి. అప్పుడు మా నాన్నగారు వాటివైపు చూసి, "ఇవన్నీ మోసుకుని ఒక్కతే ఎలా వెళ్తుంది? ఎవరైనా మగతోడు ఉండాలి కదా" అన్నారు. ఆయనకి సెలవు దొరకలేదు. అన్నయ్యకి పరీక్షలు. నేను వెళ్ళలేదు. అంతే కథ. పెట్టెలోంచి పులిహోర తీసి రాత్రికి అందరం తినేశాం. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

ఇందులో ఎవరి తప్పూ లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. నిజంగానే సామాను ఎక్కువైంది కదా, నిజంగానే తోడు దొరకలేదు కదా అని. ఆ సామాను సంగతి నాకు వేరేలా కనబడింది నెల్లీ బ్లై కథ చదివాకే.

నెల్లీ బ్లై అమెరికా పత్రికా విలేకరి. అసలు పేరు ఎలిజబెత్ కోక్రన్. 1864లో పెన్సిల్వేనియాలో పుట్టింది. న్యూయార్కులో జోసెఫ్ పులిట్జర్ నడిపే 'వరల్డ్' పత్రికలో పనిచేసేది. 1887లో పిచ్చిదానిలా నటించి ఆడవాళ్ళ పిచ్చాసుపత్రిలో చేరి, పది రోజులు ఉండి, అక్కడి ఘోరాలన్నీ బయటపెట్టిన మనిషి. అంత ధైర్యం ఉన్న మనిషికి కూడా ఒకచోట అడ్డం తగిలింది. అది కూడా సామాను దగ్గరే!

ప్రతి సోమవారం ఆఫీసుకి కొత్త ఆలోచనలతో వెళ్ళాలట. 1888లో ఒక ఆదివారం రాత్రి ఏమీ తోచక, నిద్ర పట్టక, తెల్లవారుజామున మూడింటికి, ఈ తలనొప్పి లేకుండా భూమికి అటు చివర ఉంటే బాగుండుననుకుందట. ఆ అనుకోవడంలోంచే పుట్టింది, భూమి చుట్టూ తిరిగొస్తేనో అన్న ఊహ. జూల్స్ వెర్న్ రాసిన 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం' నవల అప్పటికి అందరూ చదివినదే. అందులో ఫిలియస్ ఫాగ్ అనే దొర పనివాణ్ణి వెంటేసుకుని ఎనభై రోజుల్లో తిరిగొస్తాడు. అంతకంటే తొందరగా నిజంగా ఎందుకు తిరగకూడదు? తెల్లారాక స్టీమరు కంపెనీకి వెళ్ళి ఓడల వేళల పట్టికలు తెచ్చుకుని, కూర్చుని లెక్క వేసింది. కుదురుతుందనిపించింది. వెళ్ళి ఎడిటరుకి చెప్పింది.

ఆ ఆలోచన ఆఫీసులో ముందే ఉందట, ఒక మగవిలేకరిని పంపుదామని. బిజినెస్ మేనేజరు తేల్చి చెప్పేశాడు, ఇది నీవల్ల కాదని. ఆయన చెప్పిన కారణాలు వింటే మన ఇళ్ళలో మాటల్లాగే ఉంటాయి. ఆడపిల్లవి, కాపాడడానికి తోడు కావాలి. ఒకవేళ తోడు లేకుండా వెళ్ళగలిగినా, ఆడవాళ్ళు కదా, బోలెడు సామాను ఉంటుంది, అది ఒక ఓడ దించి ఇంకో ఓడ ఎక్కించేలోపు ఓడ కాస్తా వెళ్ళిపోతుంది. పైగా నీకు ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. కనక మగాడే వెళ్ళాలి. దానికి నెల్లీ ఏమందంటే, సరే, ఆ మగాణ్ణే పంపండి, నేను అదే రోజు ఇంకో పత్రిక తరఫున బయల్దేరి అతన్ని ఓడిస్తానని. ఆయన నమ్మాడో భయపడ్డాడో, మొత్తానికి ఎవరినైనా పంపితే నిన్నే పంపుతామని మాటిచ్చారు.

ఏడాది గడిచిపోయింది. 1889 నవంబరులో ఒక వాన కురిసే సాయంత్రం ఆఫీసుకి రమ్మని కబురు. వెళితే, ఎల్లుండి బయల్దేరగలవా అని అడిగారు. ఈ నిమిషమే బయల్దేరగలనంది.

ఇక్కడి నుంచి మనకి బాగా అర్థమయ్యే కథ మొదలవుతుంది. చేతిలో ఒక్క పగలుంది. మర్నాడు ఉదయం పదకొండింటికి పేరున్న దర్జీ దగ్గరికి వెళ్ళి, సాయంత్రానికల్లా ఒక గౌను కావాలి, మూడు నెలలు రోజూ వేసుకున్నా చిరగకూడదు, అలవకూడదు అంది. ఆయన కంగారు పడకుండా బట్టలు తీసి, నీలం రంగు దళసరి ఉన్ని బట్ట, గళ్ళ బట్ట ఎంచి, ఒంటిగంటకి ఒకసారి, అయిదింటికి ఒకసారి కొలతకి రమ్మన్నాడట. దసరాకి జాకెట్టు కుట్టమంటే సంక్రాంతికి ఇచ్చే మా దర్జీ గుర్తొచ్చాడు నాకు. ఎండ దేశాల కోసమని ఇంకో దర్జీ చేత పల్చటి గౌను కూడా కుట్టించుకుంది. మీద వేసుకోవడానికి గళ్ళ ఓవర్‌కోటు ఒకటి. తర్వాత వెళ్ళి ఒకే ఒక్క చేతిసంచి కొనుక్కుంది. పదహారంగుళాల వెడల్పు, ఏడంగుళాల ఎత్తు. మన ఇళ్ళలో పాత రెక్సిను సంచీ ఉంటుందే, పై రెండు అంచులూ కలిపి క్లిప్పు పెట్టేది, ఆ జాతిది.

తన సామానంతా ఆ సంచిలోనే పట్టాలని పంతం పట్టింది. ఆ రాత్రి సర్దడం మొదలుపెట్టింది. పిచ్చాసుపత్రిలో పది రోజులు గడిపొచ్చిన మనిషి, తన బతుకులో అన్నిటికన్నా కష్టమైన పని ఆ సంచి సర్దడమేనని రాసుకుంది! వేసవి గౌను ఎంత కుక్కినా పట్టలేదు. ఇంకో పెట్టె తీసుకోవాలి, లేదా గౌను మానాలి. గౌనే మానేసింది. దాని బదులు కిందటేడాదిది ఒక సిల్కు జాకెట్టు మాత్రం ఎలాగో నలిపి దూర్చింది. అంటే ఒంటిమీది గౌనుతోనే భూమి చుట్టూ తిరగడానికి సిద్ధపడిందన్నమాట.

మరి లోపల ఏం పెట్టింది? ఆవిడే తర్వాత రాసిన పుస్తకంలో జాబితా ఇచ్చింది. రెండు ప్రయాణపు టోపీలు, మూడు మేలిముసుగులు, మెత్తటి చెప్పుల జత, ముఖం కడుక్కోవడానికీ తల దువ్వుకోవడానికీ కావలసిన సామాను. సిరాబుడ్డి, కలాలు, పెన్సిళ్ళు, రాతకాగితాలు. గుండుసూదులు, సూది, దారం. రాత్రిపూట వేసుకునే గౌను, ఒక టెన్నిస్ బ్లేజరు కోటు. చిన్న ఫ్లాస్కు, నీళ్ళు తాగే కప్పు. కొన్ని జతల లోబట్టలు, చేతిరుమాళ్ళు, మెడ చుట్టూ కుట్టుకునే కుచ్చుల పట్టీలు. చివరగా ఒక కోల్డ్ క్రీము సీసా.

ఈ జాబితా నేను చాలాసార్లు చదివాను. వంటింటి సామాను జాబితా చదివినంత శ్రద్ధగా చదివాను. అందులో నాకు మూడు విషయాలు నచ్చాయి.

మొదటిది, సిరా, కాగితం. వెళ్తున్నది పని మీద. కాబట్టి పనిముట్లు సంచిలోకి ఖచ్చితంగా వెళ్ళాయి, గౌను బయటే ఉండిపోయింది. చోటు చాలనప్పుడు ఏది బయట పెడతామన్నదే అసలు సర్దడం. మనం సాధారణంగా చీరలు ముందు పెట్టి, పనికి కావలసిన కాగితాలు పైన ప్లాస్టిక్ కవర్లో దోపుతాం.

రెండోది, ఆ కుచ్చుల పట్టీలు. ఆ కాలంలో గౌనంతా ఉతకకుండా మెడ దగ్గర పట్టీ మారిస్తే చాలు, మనిషి శుభ్రంగా, కొత్తగా కనబడేది. ఒకే నల్ల ప్యాంటు మీద మూడు కుర్తీలు మార్చే మా అమ్మాయి తెలివీ అదే.

మూడోది, ఆ కోల్డ్ క్రీము సీసా. ఆ సంచిలో ఆవిడ ప్రాణానికి తగులుకున్న శని అదేనట. మిగతా సామానంతా కలిపినా అంత చోటు పట్టలేదనిపించేదట. సంచి మూయబోయే ప్రతిసారీ సరిగ్గా అంచు దగ్గరికే వచ్చి అడ్డం పడేదట. అది చదివి నవ్వుకున్నాను. ప్రతి ఆడదాని సంచిలోనూ ఒక కోల్డ్ క్రీము సీసా ఉంటుంది. మా ఇంట్లో దాని పేరు ఆవకాయ.

జాబితాలో లేనిదాని గురించి కూడా ఒక్క మాట. డెబ్భై రెండు రోజులంటే రెండు నెలల పైన. ఆ నెలసరి రోజులు ఆవిడ ఓడల్లో, రైళ్ళలో ఎలా గడిపిందో ఎక్కడా లేదు. లోబట్టలు అన్న మాటతో జాబితా ఆగిపోయింది. అప్పట్లో అచ్చులో రాసే మాట కాదు మరి. కానీ మన ఆడవాళ్ళం ఆ జాబితా చదివితే, కళ్ళు ముందు వెతికేది దానికోసమే.

ఖర్చులకి రెండువందల ఇంగ్లీషు పౌన్లు ఇచ్చారు, కొంత బంగారు నాణేలు, కొంత నోట్లు. నాణేలు జేబులో వేసుకుని, నోట్లు మెత్తటి తోలు సంచిలో పెట్టి మెడకి కట్టుకుంది. మన అమ్మమ్మలు రొంటిన దోపుకున్నట్టే. పిస్తోలు దగ్గరుంచుకోమని ఎవరో సలహా ఇస్తే వద్దంది. 1889 నవంబరు 14 ఉదయం 9 గంటల 40 నిమిషాలకి, హోబోకెన్ రేవు నుంచి 'అగస్టా విక్టోరియా' అనే ఓడలో బయల్దేరింది. వయసు పాతికేళ్ళు. ఆ ఓడ కదిలీ కదలగానే వాంతులు మొదలయ్యాయట, పాపం.

ఇంగ్లండులో దిగి, ఫ్రాన్సులో అమియాన్ అనే ఊళ్ళో స్వయంగా జూల్స్ వెర్న్‌ని, ఆయన భార్యని కలిసి, ఇటలీ చివర బ్రిండిసీలో మళ్ళీ ఓడెక్కింది. సూయజు కాలువ, ఏడెన్ మీదుగా డిసెంబరు 8న కొలంబో చేరింది. మన దేశానికి అంత దగ్గరగా వచ్చి, ఇక్కడ కాలు పెట్టకుండానే వెళ్ళిపోయింది. ఎక్కాల్సిన ఓడ ఇంకో ఓడ కోసం ఆగడంతో కొలంబోలో అయిదు రోజులు కాలుకాలిన పిల్లిలా తిరిగింది. తర్వాత పెనాంగ్, సింగపూరు, డిసెంబరు 23న హాంకాంగ్. అక్కడ ఓడ కంపెనీ ఆఫీసుకి టిక్కెట్టు సంగతి అడగడానికి వెళ్తే, నువ్వు ఓడిపోబోతున్నావు, ఇంకో అమ్మాయి మూడు రోజుల కిందటే ఇటు నుంచి వెళ్ళిపోయింది అన్నారు. నెల్లీకి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు!

ఆ ఇంకో అమ్మాయి ఎలిజబెత్ బిస్లాండ్. 'కాస్మొపాలిటన్' పత్రికలో రాసేది. నెల్లీ బయల్దేరిన వార్త పేపర్లో చూసి, ఆ పత్రిక యజమాని అదే రోజు బిస్లాండ్‌ని పిలిచి, నువ్వు పడమటి వైపు నుంచి వెళ్ళు అన్నాడు. మర్నాడు ఇంటికి టీకి చుట్టాలొస్తున్నారు, వేసుకోవడానికి సరైన బట్టల్లేవు అని ఆవిడ మొదట మొత్తుకుంది. అయినా ఆ సాయంత్రమే రైలెక్కించేశారు. ఆవిడ సామాను నెల్లీ సామాను లాంటిది కాదు. ఓడప్రయాణపు ట్రంకు ఒకటి, పెద్ద గ్లాడ్‌స్టన్ తోలుసంచి ఒకటి, తోలుపట్టీలతో కట్టిన శాలువాల మూట ఒకటి. ట్రంకులో విందులకి వేసుకునే సిల్కు గౌను కూడా ఉంది.

ఇప్పుడు ఫలితం చూడండి. నెల్లీ జపాను మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, అక్కడి నుంచి ప్రత్యేక రైల్లో, ప్రతి స్టేషన్లోనూ జనం చప్పట్ల మధ్య, 1890 జనవరి 25న జెర్సీ సిటీలో దిగింది. 72 రోజుల 6 గంటల 11 నిమిషాల 14 సెకన్లు. బిస్లాండ్ అయిదు రోజుల తర్వాత, 76 రోజులకి చేరింది. పెద్ద సామాను వల్లే ఆవిడ ఓడిపోయిందని అనుకుంటాం కదా? కాదు. ఇంగ్లండు దగ్గర ఆవిడ ఎక్కాల్సిన వేగమైన ఓడ అందలేదు. నెమ్మదిగా వెళ్ళే ఓడ దొరికింది, దానికి సముద్రం కూడా అనుకూలించలేదు. అంతే తప్ప ట్రంకు పెట్టె మోయడానికి మనిషి దొరక్క ఎక్కడా ఆగలేదు. ఒంటరిగానే, మూడు సామాన్లతో, ఫిలియస్ ఫాగ్ కన్నా ముందే భూమి చుట్టి వచ్చింది.

నన్ను చాలాసేపు కదలనివ్వకుండా కూర్చోబెట్టింది ఈ సంగతే. మేనేజరు చెప్పిన సామాను కారణం చిన్న సంచితో వెళ్ళిన నెల్లీ విషయంలో తప్పయింది. పెద్ద పెట్టెతో వెళ్ళిన బిస్లాండ్ విషయంలోనూ తప్పే అయింది. అంటే సామాను అసలు కారణమే కాదు. పంపడం ఇష్టం లేనప్పుడు చెప్పే మాట, అంతే. తెనాలిలో మా ఇంటి ట్రంకు పెట్టె కూడా అలాంటిదేనా? అమ్మ అంత సామాను సర్దింది ప్రేమతోనే. కానీ ఆ పెట్టె పెరిగేకొద్దీ నేను ఒక్కదాన్నే వెళ్ళే వీలు తరిగిపోయింది. అమ్మకీ లోపల ఎక్కడో నేను వెళ్ళకూడదనే ఉందేమో. అడుగుదామంటే అమ్మ ఇప్పుడు లేదు.

పెద్ద సామానుతో ప్రయాణాలు మగవాళ్ళూ చేశారు, ఎవరూ వద్దనలేదు. మేం డిగ్రీలో చదువుకున్న ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరు 3కి తిరిగొచ్చారు కాశీయాత్ర చేసి. దగ్గరదగ్గర వంద మంది పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు. అది కోర్టు పనిమీద కాదు, సెలవు పెట్టి చేసిన యాత్రే అనుకోండి. కానీ అంత సామాను ఉంది కాబట్టి ఆయన వెళ్ళలేరని ఎవరూ అనలేదు. సామానుంటే దాన్ని మోసే మనుషుల్ని పెట్టుకున్నారు. ఆడదాని విషయంలోనే సామాను వెళ్ళకపోవడానికి కారణమవుతుంది.

నెల్లీ సంచి అంత తేలిగ్గా ఎలా ఉందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆవిడ చేతిలో ఇంగ్లీషు పౌన్లున్నాయి. దిగిన రేవుల్లో ఏడెన్, కొలంబో, పెనాంగ్, సింగపూరు, హాంకాంగ్ అన్నీ అప్పట్లో బ్రిటిషు వాళ్ళవే. ఇంగ్లీషు చెల్లుతుంది, పౌను చెల్లుతుంది, తెల్లమనిషికి దారి వదులుతారు. మైల బట్టలు ఎలాగా అని బయల్దేరేముందు బెంగపడిందట, తీరా చూస్తే ఓడల్లో ఉతికించి ఇచ్చేవాళ్ళు. రేవుల్లో కావలసినవన్నీ కొనుక్కోవచ్చు. తీసుకెళ్ళింది చాలకపోవడం కాదు, ఎక్కువే అయిందని చివర్లో ఆవిడే అంది. హాంకాంగ్‌లో ఒక విందుకి పిలిస్తే, విందు గౌను లేక వెళ్ళలేకపోయింది. అదొక్కటే నష్టం, ట్రంకులు మోసే బాధ తప్పినందుకు అదేం లెక్కలోది కాదనుకుంది. ఒకరి సంచి తేలిగ్గా ఉందంటే ఆ బరువు ఇంకెవరో మోస్తున్నారని కూడా అర్థం. ఇరవై రెండేళ్ళుగా మా వారి క్యాంపు బ్యాగు సర్దుతున్నదాన్ని, ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆయన చొక్కాలు ఎన్ని, బీపీ మాత్రలు ఏ అరలో ఉన్నాయి, ఛార్జరు ఎక్కడ, ఆయనకి తెలియదు. జిప్పు లాగి తీసుకెళ్తారు.

ఈ పెట్టె మోయడం కథ ఆ తర్వాత ఇంకో వందేళ్ళు నడిచింది. అమెరికాలో బెర్నార్డ్ శాడో అనే సూట్‌కేసుల కంపెనీ ఆయన 1970లో కుటుంబంతో సెలవులకి వెళ్ళి తిరిగొస్తూ, రెండు బరువైన పెట్టెలు మోయలేక అవస్థ పడుతుంటే, ఎయిర్‌పోర్టులో ఒక పనివాడు చక్రాల బల్ల మీద పెద్ద మెషీనుని సునాయాసంగా తోసుకెళ్ళడం కనిపించింది. పెట్టెకే చక్రాలు పెడితే పోలా అనుకున్నాడు. పేటెంటు 1972లో వచ్చింది. మనిషి చంద్రుడి మీద నడిచిన మూడేళ్ళకన్నమాట! అంత సుఖమైన వస్తువుని దుకాణాలవాళ్ళు మొదట కొనలేదట. మగవాడన్నాక పెళ్ళాం పెట్టె తను మొయ్యాలి గానీ చక్రాలేమిటి అన్న భావం అడ్డొచ్చిందని శాడోనే తర్వాత చెప్పాడు. ఆ తర్వాత 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్, పెట్టెని నిలువుగా నిలబెట్టి, కింద రెండు చక్రాలు, పైన లాగే పిడి పెట్టాడు. ముందు పైలట్లు, ఎయిర్‌హోస్టెస్‌లు వాడారు. వాళ్ళు టకటకా లాక్కెళ్తుంటే చూసి మిగతావాళ్ళు కావాలన్నారు. పెట్టె కొనే మగవాడి అభిమానం కాకుండా, రోజూ పని మీద తిరిగే మనిషి అవసరం చూసి చేసిన పెట్టె అది. ఇవాళ మా అమ్మాయి లాక్కెళ్ళేది దాని మనవరాలే.

సరే, పూణే ప్రయాణానికి వద్దాం. ఆ సాయంత్రం నేను మా వారితో, "దానికి తోడు అక్కర్లేదండీ. దాని బ్యాగు అది మోసుకోగలిగేట్టు సర్దుకుంటుంది" అన్నాను. ఆయన నావైపు వింతగా చూశారు. మరి ఇరవై రెండేళ్ళలో నేను సర్దననడం అదే మొదలు.

ఆదివారం రాత్రి అది మంచం మీద అన్నీ పరుచుకుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, చేతులు వెనక్కి కట్టుకుని. ముందు ల్యాప్‌టాప్, దాని ఛార్జరు. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలట, లగేజీలో వెయ్యనివ్వరట. ఆఫీసు గుర్తింపు కార్డు, ఆధారు. నోటు పుస్తకం, రెండు పెన్నులు. ఫ్యాక్టరీలో తిరగాలి కాబట్టి వేళ్ళు మూసే బూట్లు, అవి కాళ్ళకే వేసుకుని వెళ్తుందట, బ్యాగులో చోటు మిగులుతుందని. ఒక నల్ల ప్యాంటు, మూడు కుర్తీలు. ప్యాడ్లు, తలనొప్పి మాత్రలు. నెల్లీ జాబితాలో లేనిది దీని జాబితాలో దాపరికం లేకుండా నాలుగో వరసలో ఉంది.

నేనుండబట్టలేక చిన్న ఆవకాయ సీసా తెచ్చి అంచున పెట్టాను. జిప్పు పడలేదు. అది తీసి బయట పెట్టింది. పడింది. "నూనె ఊరగాయ చేతి బ్యాగులో రానివ్వరమ్మా. ఏడు కిలోలే. అయినా వాళ్ళు భోజనం పెడతారు" అంది. "ఇదీ అంతేనా?" అంటూ నా సూదిదారం డబ్బీ చూపించాను. ఒక్క క్షణం ఆలోచించి అది తీసుకుంది. కాగితంలో ఒక సూది, తెల్లదారం, నల్లదారం చుట్టి, గుండీ ఒకటి వేసి ఇచ్చాను. నెల్లీ సంచిలో కూడా ఉందని చెప్పాను. "ఎవరే ఆవిడ?" అంది. అప్పుడు మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా చెప్పాను. ఇంటర్వ్యూ ఉత్తరం సంగతి కూడా చెప్పాను. అది ఏమీ అనలేదు. వెళ్ళి బీరువా తీసి ఉత్తరం తెమ్మంది. రెండుసార్లు చదివి మడతల మీదే మళ్ళీ మడిచి ఇచ్చింది.

తెల్లవారుజామున నాలుగింటికి క్యాబు వచ్చింది. మా వారు అలవాటుగా బ్యాగు అందుకోబోతే, "నాన్నా, చక్రాలున్నాయి" అని నవ్వి తనే లాక్కుంటూ వెళ్ళింది. మెట్ల దగ్గర మాత్రం ఎత్తాల్సొచ్చింది. ఎత్తింది. మేమిద్దరం గేటు దగ్గర ఉత్త చేతులతో నిలబడ్డాం. ఆవకాయ సీసా వంటింటి గట్టు మీద ఉంది. బుధవారం రాత్రి వచ్చాక దాంతోనే అన్నం తింది, ఫ్యాక్టరీ కబుర్లు చెబుతూ. సూది దారం అవసరం పడలేదట. పక్క సీట్లో ఎవరికో కుర్తీ కుట్టు విడితే ఇచ్చిందట.

వచ్చే జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నాను. రెండు రోజులు. అమ్మాయి కాలేజీ బ్యాగు ఖాళీగానే ఉంది. అందులో రెండు చీరలు, కళ్ళజోడు, ఒక నోటు పుస్తకం, పెన్ను, తువ్వాలు పెట్టి చూశాను. వచ్చేటప్పుడు పుస్తకాలకి చోటు కావాలని చీర ఒకటి తీసేశాను. భుజానికి తగిలించుకుని హాల్లోంచి వంటింటి దాకా నడిచాను. బరువేం లేదు. మా వారు, "ఈ వారం నా క్యాంపు బ్యాగు?" అన్నారు. "బీపీ మాత్రలు ఎడమ పక్క అరలో ఉంటాయండీ" అని చెప్పాను.